మేకుకు వేలాడే రొట్టె

ఏమండీ,

మీరు లేచేసరికి నేను ఫెర్గానా బస్సులో ఉంటాను. పులావు మూకుడులో ఉంది, వేడి చేసుకుని తినండి. కోళ్ళకు గింజలు వేయడం మరిచిపోకండి. మన అమ్మాయి నసీబా కూతురి ఉయ్యాల వేడుక కాగానే బుధవారానికల్లా వచ్చేస్తాను. గురువారం ఫలితం వినడానికి ఇద్దరం కలిసే వెళ్దాం.

అంతవరకూ మీకు దణ్ణం పెడతాను, ఇంట్లో ఏదీ బాగుచేయకండి. ప్రోస్టేట్‌లోంచి ముక్క తీసి పరీక్షకు పంపినప్పటి నుంచి మీ చేతులు ఊరుకోవడం లేదు. గేటుకు రెండుసార్లు రంగేశారు. చక్కగా పనిచేసే కుళాయి విప్పి, నాచేత పక్కింటి నుంచి నీళ్ళు మోయించారు. ఇక నా కుట్టుమిషను జోలికి వెళ్ళారో, క్యాన్సర్ సంగతి తేలేలోపే మీ సంగతి నేను తేలుస్తాను!

మేకుకు వేలాడే రొట్టె నేను కొరికి పెట్టింది. ప్రయాణమయ్యేవాళ్ళు కొరికిన రొట్టె వాళ్ళని క్షేమంగా ఇంటికి రప్పిస్తుందని మన పెద్దలు ఊరికే అనలేదు. తిరిగొచ్చి మిగతాది నేనే తినాలి, మీరు ముట్టకూడదు. పోయినసారి నేను మా అక్క వాళ్ళ ఊరెళ్తే నా రొట్టె టీలో ముంచుకుని తినేశారు. అయినా తిరిగొచ్చాను, అది మీ ఖర్మ.

జుల్ఖుమోర్

తా.క.: పక్కన కొరకని రొట్టె మీది. గురువారం గడప దాటేముందు కొరకండి. "ఆస్పత్రి రెండు వీధుల అవతలేగా, నేనేమైనా సైన్యంలోకి పోతున్నానా?" అనకండి. డాక్టరు ఏం చెప్పినా సరే, ఇంటికొచ్చి మిగిలింది నా ఎదురుగా కూర్చుని తినాలి. గట్టిపడితే టీలో ముంచుకోండి, ఈసారి ఏమీ అనను.