పంటికి మెడకు నడుమ

డ్రెకేటి,
అక్టోబరు 10, 1997.

ఆరోగ్యశాఖ కార్యదర్శి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: దంతవైద్యురాలు కుమారి శోభన శిక్షణను నిలిపివేసిన ఉత్తరువును రద్దుపరచుటకు ప్రార్థన.

నేటితో ఈ ద్వీపములకు స్వాతంత్ర్యము వచ్చి ఇరువదియేడు సంవత్సరములు నిండినవి. మా పెద్దలు చెరకు తోటలలో ఓవర్సీరు ఎదుట నోరు తెరువ వెరచిరి. స్వాతంత్ర్యమనగా నోరు తెరచి అడుగగలుగుటయే అని చెప్పి నా పిల్లలను పెంచితిని. అట్టి దినమున, నోరు తెరువలేనివారి కొరకు ఈ అర్జీ వ్రాయుచున్నాను. నాకు వచ్చిన వ్రాత తెలుగొక్కటే గనుక ఇంగ్లీషు ప్రతిని నా కోడలు మాల జతపరచును.

1. శోభన సావుసావు రేవు ఊరి పిల్ల. దంతవైద్యము ముగించి, దవడకు ముఖమునకు శస్త్రచికిత్స చేయు విద్యను నేర్చుచున్నది. దానికి పంటి చదువు చాలదు. వైద్యకళాశాలలో మనుష్యదేహమునంతయు మొదటినుండి చదివి, పిమ్మట శస్త్రశాలలో గురువు ప్రక్కన ఏండ్ల తరబడి నిలువవలెను. ఆమె వైద్యవిద్యలో మూడవ ఏట ఉండెను. ఈ విద్య తెలిసిన సర్జను రాజధాని సువాలో ఒక్కరే ఉన్నారు. వారును డిసెంబరులో పదవి విరమించుచున్నారు.

2. శ్రావణమున మా ఇంట తొమ్మిది దినములు పురాణపఠనము జరిగెను. మద్దెల వాయించు వేలు అను రైతుకు ఐదవనాడు వెనుక పన్ను వాచెను. "తాతా, దాంత్ పిరావే, పన్ను సలిపేస్తోంది. డాక్టరు దగ్గర తీయించుకొని వచ్చేస్తా" అని అడిగెను. దీక్షలో రక్తము చిందరాదని ఆపినది నేను. "నాలుగు రోజులే గదరా, లవంగం పెట్టుకో" అంటిని. "సరేలే తాతా, మద్దెల నోటితో వాయించను గదా" అని నవ్వెను. తొమ్మిదవనాటికి వాపు దవడ దిగి మెడను పట్టెను. ఉమ్మి మ్రింగలేక, ముందుకు వంగి కూర్చుండి ఊపిరి తీసికొనెను.

3. ఆసుపత్రిలో డాక్టరు చూచి "ఇది పంటిది, డెంటల్‌కి తీసుకెళ్ళండి" అనెను. అచ్చట దంతవైద్యుడు చూచి "ఇది మెడ. మెడ మాది కాదు" అనెను. వేలు భార్య కాంత ఆ రెండు గదుల నడుమ మూడు మారులు తిరిగెను. మూడవ మారు, "డాక్టర్ బాబూ, మా ఆయన గొంతు ఏ డిపార్ట్‌మెంట్‌లో ఉందో అదైనా చెప్పండి" అనెను. సెలవులలో అచ్చట పండ్లు తీయు పనిలోనున్న శోభన ఆ మాట విని లేచెను. మెడ కోసి గాలిగొట్టము పెట్టెను. దవడ క్రింద కోసి చీము వెడలించెను. వేలు నేడు మద్దెల వాయించుచున్నాడు.

4. దంతవైద్యురాలై మెడను కోయుట ఒక తప్పనియు, విద్యార్థినియై కత్తి పట్టుట రెండవ తప్పనియు తమ ఉత్తరువు. చదువు మాన్పించి ఆమెను దూరాన నమాకాలో పండ్లు తీయుటకు పంపితిరి. గరళమును కంఠమున నిలుపుకొనుట ఈశ్వరునికే చెల్లెను. వరి పండించువారికి చెల్లదు. విచారణకు దోషి పేరు కావలసినచో నా పేరు వ్రాసికొనుడు. పన్ను తీయించనీయనివాడను నేనే.

5. గత మాసమున మా పొరుగున పార్బతి అను ఆమెకు అదే వాపు వచ్చెను. శోభన ఇచ్చట లేదు. ఎవరును కత్తి పట్టరైరి. సావుసావులో ఓడ ఎక్కించి సువాకు పంపిరి. ఓడ మాత్రమే చేరెను.

కావున సర్జను గారు విరమించుటకు పూర్వమే శోభనను మరల వారి చెంతకు పంపవలెననియు, గొంతు మూసికొనిపోవువేళ వారి అనుమతిని ఫోనులో తీసికొని ఆమె కత్తి పట్టుటకు వ్రాతమూలకముగా సెలవీయవలెననియు నా ప్రార్థన. ఆలస్యమునకు మా దేహములు ఓర్వవని దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సన్యాసి (తండ్రి అప్పలస్వామి)

మరచినది: ఇది మాలకు నోట చెప్పక వ్రాసి ఇచ్చుటకు కారణము కలదు. నిన్నటినుండి నా కుడి దవడ వాచినది. నోట ఒక వ్రేలు మాత్రము పట్టుచున్నది. శోభనకు తెలిసినచో వచ్చును, వచ్చినచో కోయును, కోసినచో ఈ మారు ఆమె విద్య శాశ్వతముగా పోవును. ఆమెకు కబురు చేయరాదని కాగితముపై వ్రాసి చూపితిని. మాల చదివి, "ఇది కూడా దీక్షేనా మామయ్యా?" అనెను. రేపటి ఓడలో సువాకు బయలుదేరుచున్నాను. ఈ అర్జీయు అదే ఓడలో వచ్చుచున్నది. అర్జీ మాత్రము తప్పక చేరును.

నా తరువాత వాచిన దవడతో ఆ వాకిట నిలుచువారికి ఒక్క తలుపే ఎదురగుగాక. ఆ తలుపు వెనుక రెండు విద్యలును ఎరిగిన చేయి ఒకటి ఉండుగాక. ఆ చేతికి వణకు రాకుండుగాక, ఎవరి ఉత్తరువును అడ్డుపడకుండుగాక. వారి పిల్లలు నోరారా నవ్వుదురుగాక.