చచ్చాక తొమ్మిది కాన్పులు

ఎడిసన్, అమెరికా, 14-10-1983

తమ్ముడు కామేశానికి అన్నయ్య దీవెనలు. మోకాళ్ళు తప్ప నేను క్షేమం.

పక్కింటి ముసలావిడ మిసెస్ డేలీ లైబ్రరీ నుంచి ఒక ఐర్లండు ప్రభువుల వంశవృక్షం నకలు తెచ్చి చూపించింది. ఇంగ్లండు నుంచి వచ్చి అక్కడి భూములు ఏలినవాళ్ళట, మన జమీందార్ల బాపతే. అందులో ఈవిడ అమ్మమ్మ ఆనర్ పేరు పక్కన "పద్దెనిమిదో ఏట మరణం" అని ఉంది. నిజానికి ఆ ఏడే గుర్రాలు తోమేవాణ్ణి పెళ్ళాడి అమెరికా ఓడెక్కిందట.

"చచ్చాక తొమ్మిదిమందిని కన్నది, మిస్టర్ శాస్త్రీ!" అని ఆవిడ ఒకటే నవ్వు. నేనూ నవ్వాను గాని, కాఫీ సగంలో వదిలేసి ఇంటికొచ్చి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మన చెల్లెలు రాజ్యం కాంపౌండర్ డేవిడ్‌ను చేసుకున్నదని, బతికున్న పిల్లకు నాన్న తిలోదకాలు వదిలాడు. చెంబు అందించింది నేనే.

దాని అడ్రసు నీ దగ్గరుందని మీ వదిన చెప్పింది. వెంటనే పంపు. జనవరిలో దిగగానే మొదటి భోజనం దాని ఇంట్లోనే. ట్రంకుపెట్టెలోంచి మన వంశావళి తీసి, రాజ్యం పేరు, మొగుడి పేరు, పిల్లల పేర్లు రాసి ఉంచు. సిరాతో, పెన్సిలుతో కాదు.

నీ కంటి ఆపరేషను ఎప్పుడు? పిల్లలకు ఆశీస్సులు. రాజ్యానికి పెళ్ళినాడు ఇవ్వని దీవెన ఇప్పుడిస్తున్నానని చెప్పు: దీర్ఘసుమంగళీభవ.

మీ అన్న, విశ్వపతి