దారంతో కట్టిన అయస్కాంతం

పెనుకొండ,
4-11-2024

చిరంజీవి పల్లవికి,

మీ బడి సైన్సు ప్రదర్శన కోసం నువ్వు చేసిన, అయస్కాంతంతో బల్బు వెలిగించే పెట్టెను పరీక్షించమని పంపావు. బల్బు వెలగలేదని తెలపడానికి ఇది రాస్తున్నాను. ఫోనులో చెప్పిన మాటకు రేపు ఎవరూ పూచీ పడరు. అయస్కాంతాన్ని తీగచుట్ట నడిమధ్య ఉంచి, జరగకుండా దారంతో కట్టాను. నా ఇంట్లో ఏ వస్తువైనా పెట్టినచోటే ఉంటుంది. రెండు రోజులు చూశాను. అయస్కాంతం అమ్మిన అంగడివాడు నిన్ను మోసం చేశాడు.

ఆశీస్సులతో,
అవ్వ రామసుబ్బమ్మ

తా.క. ధర్మవరంలో నా చెల్లెలు చాముండికి కంటి ఆపరేషన్ అయిందని విన్నాను. దాని కొడుకు మధు పెళ్లి భోజనాల్లో అది నన్ను రెండో పంక్తిలో కూర్చోబెట్టింది. కన్ను బాగయ్యాక అదే రావాలి. పెద్దదాన్ని, నేను కదలను.

హిందూపురం,
8-11-2024

అవ్వకు నమస్కారాలు.

కట్టేస్తే ఎట్ల వెలుగుతాది అవ్వా? అయస్కాంతం ఊరికే పక్కనుంటే తీగలో కరెంటు పుట్టదు. కదలాల.

నీ పల్లవి

తా.క. చిన్నవ్వ కంటికి ఇంకా పట్టీ ఉండాది. వాకిట్లో ఎవరు నడిచినా "అక్కనా?" అంటాంది.

పెనుకొండ,
13-11-2024

చిరంజీవి పల్లవికి,

కదిలించాను. పెట్టెను ఉన్నదున్నట్టుగా వంటింటి నుంచి మిద్దె మీదికి మోశాను. చివరికి ఒళ్లో పెట్టుకొని ఆటోలో బ్యాంకుకు పోయి వచ్చాను. ఆటో రామాంజనేయులు వెనక్కి తిరిగి, "ఏమవ్వా, తీగలు బయటికొచ్చిండాయి, పేలుతాదా ఏమి?" అన్నాడు. "వెలగనిది పేలుతుందా? నువ్వు రోడ్డు చూడప్పా" అన్నాను. దారిలో గుంతలన్నీ తమ వంతు కదిలించాయి. బల్బు మాత్రం వెలగలేదు.

అవ్వ

తా.క. దారం విప్పమని నువ్వు రాయలేదు. రాయనిది నేను చెయ్యను.

హిందూపురం,
16-11-2024

అవ్వా,

రెండూ కలిసి పోతే కదలనట్టే. దారం విప్పు. ఒకటి నిలబడాల, ఇంకొకటి దాని దగ్గరికి పోవాల. ఏది కదిలినా సరే.

పల్లవి

ధర్మవరం,
20-11-2024

చిరంజీవి పల్లవికి,

పైన ఊరి పేరు పొరపాటున రాసింది కాదు.

బల్బు వెలిగింది. అయస్కాంతాన్ని తోస్తే మెరిసింది, ఆపగానే ఆరింది. తరువాత అయస్కాంతాన్ని కదలకుండా పట్టుకొని, తీగచుట్టనే దాని మీదికి తెచ్చాను. అంతే మెరిసింది. తేడా ఉంటుందని చాలాసేపు చూశాను. లేదు. పెద్దదెవరో చిన్నదెవరో ఆ బల్బుకు పట్టింపు లేదు.

నీ చివరి ఉత్తరంలో తా.క. లేకపోవడం గమనించాను. ఇక్కడికి పొమ్మని అందులో ఉండి ఉంటే నేను వచ్చేదాన్ని కాదు.

వాకిట్లో చెప్పులు విడుస్తుంటే లోపలినుంచి చాముండి "అక్కనా?" అనింది.

"కాదు, పాలామెను."

"పాలామె అంత మిడిసిపాటుగా నడవదులే. రా."

ఇక జరగవలసినవి:

1. పెట్టెతో పాటు ఉంచే సూచనల కాగితంలో మొదటి వాక్యం: దారంతో కట్టరాదు.
2. ఆదివారం నువ్వు పెనుకొండకు కాదు, ఇక్కడికే రావాలి.
3. వచ్చే పెళ్లిలో నాది మొదటి పంక్తి. దీనిమీద చర్చ లేదు.
4. ముందు ఎవరు కదిలారని ఎవరైనా అడిగితే, చాముండి గడప దాకా ఎదురొచ్చిందని చెప్పాలి. అబద్ధం కాదు. గోడ పట్టుకొని వచ్చింది.

అవ్వ