దించని అద్దం

బర్మామైన్స్,
శుక్రవారం.

చిలకమ్మకు,

సౌభాగ్యవతి అని మొదలుపెట్టనని నీకు తెలుసు. నీ బాగంతా నా ప్రాణానికి కట్టేసినట్టుంటుంది ఆ మాట. నేను బాగానే ఉన్నాను. పలాసలో నువ్వూ భద్రమ్మ వదినా బాగున్నారనుకుంటాను. తుంటి ఆపరేషనైన మనిషి అప్పుడే గుమ్మం దాకా నడిచిందంటే సంతోషమే గానీ, తొందరపెట్టకు.

నువ్వడిగినవాటికి జవాబులు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. మొన్న రెండు రోజులు మానేశాను, ఎందుకో చెప్తాను. కుళాయి ఇంకా కారుతూనే ఉంది. మీ తమ్ముడితో మాట కలిసిందా అన్నావు. కలిసింది. ఫోన్లో చెప్తే మధ్యలో నవ్వుతావు, నేను కోపమొచ్చి అసలు సంగతి మింగేస్తాను. అందుకే ఉత్తరం.

స్టాండు రుసుము పెంచినందుకు మంగళవారం ఆటోలూ, బ్యాటరీ రిక్షాల టోటోలూ బంద్ చేశాయి. కరపత్రం నేనే రాశాను. జుగ్సలాయి ప్రెస్సువాడు ఆలస్యం చేసి, సరిగ్గా బంద్ రోజు పొద్దున్నే కట్టలు తీసుకెళ్లమన్నాడు. వెళ్దామంటే ఆటో లేదు. ఆటోలు ఆపమన్నది నేనే. వీధిలో నిలబడి ప్రెస్సువాణ్ణి తిడుతుంటే హరిప్రసాద్ తన కొత్త కరెంటు కారులో దిగాడు, నువ్వెప్పుడొస్తావో కనుక్కుందామని.

"నానిక్కడే టీ తాగుతుంటాను, కారట్టుకెళ్లు బావా. కాంట్రాక్టరు కారైతే అంటుకుంటాదేటి?" అన్నాడు.

పనివాళ్లకు చేతి తొడుగులివ్వడని కార్ఖానా గేటు ముందు మైకులో అతని పేరు పెట్టి తిట్టి ఏడాది కాలేదు. అయినా తాళం తీసుకున్నాను. పని ప్రజలది, కారు ఎవరిదైతేనేం అని వాదన కూడా తయారుచేసుకున్నాను. వాదనలకు నాకెప్పుడూ కరువు లేదు కదా.

బటన్ నొక్కాను, ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాను. "బావా, అది స్టార్టయిపోనాది, నువ్వే ఆపేత్తన్నావు" అని నవ్వాడు మీ తమ్ముడు. ఇరవై ఏళ్లు కార్ఖానాలో డీజిల్ ఇంజన్ నడిపినవాణ్ణి. కింద ఇనుము వణికితేనే బండి బతికుందని నాకు లెక్క. ఇది బతికున్నట్టే లేదు. కదిలేముందు అలవాటుగా రెండుసార్లు హారన్ కొట్టాను. పట్టాల మీద ఎవరున్నా తప్పుకోవాలని మా రూలు. "ఇది షంటింగ్ కాదు బావా" అని మళ్లీ నవ్వాడు.

నిజం చెప్తున్నాను, నాకు నచ్చింది. సీటు నా వీపును తడిమి చూసి తనే సర్దుకుంది. పెడల్ మీంచి కాలు తీస్తే చాలు, వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకున్నట్టు నెమ్మదిస్తుంది. పొగ లేని బండి అంటాడు హరిప్రసాద్. ఆ కరెంటు కోసం మండే బొగ్గు పొగ ఎవరి గుండెల్లోకి పోతోందో అడుగుదామనుకున్నాను. కానీ బయట ఎండ, లోపల చల్లదనం. జుగ్సలాయి సందుల్లో గోడౌన్ల ముందు లారీలు అరుస్తుంటే ఒక్క కూతా నా చెవిన పడలేదు. ఊరంతా నాకు దారిస్తోంది. నలభై కరపత్రాల్లో నేను తిట్టిన సుఖం అదే. దాని రుచి తెలియకుండానే తిట్టానని అప్పుడు తెలిసింది.

ఇంతవరకు రాసి వీధి చివరిదాకా వెళ్లొచ్చాను. కూర్చోలేకపోతున్నాను.

కట్టలు డిక్కీలో వేసుకుని వస్తుంటే చౌక్‌లో మనవాళ్లు బళ్లు ఆపుతున్నారు. మోహిత్ ముందున్నాడు, జెండా నేనే చేతికిచ్చిన మనిషి. నా పక్కనే అగస్టిన్ టోటో ఆగింది. అందులో మన వెనక వీధి కస్తూరమ్మ, డయాలిసిస్‌కి వెళ్తోంది. అగస్టిన్ ఆసుపత్రి కాగితం చూపిస్తున్నాడు. మోహిత్ చూడకుండానే టోటో చక్రాల్లో గాలి తీయించాడు. తర్వాత నా కారు బానెట్ మీద మెల్లిగా తట్టి, "జాయియే సర్" అని దారి వదిలాడు.

రెండు బళ్లూ బ్యాటరీతో నడిచేవే చిలకమ్మా. ఒకదానికి సలాం, ఒకదానికి గాలి తీయడం.

రోగుల బళ్లు ఆపకూడదని కరపత్రంలో మూడో పేరాలో రాశాను. ఆ కరపత్రాలన్నీ నా వెనక డిక్కీలోనే ఉన్నాయి. అద్దం దించి ఒక్క మాటంటే మోహిత్ వినేవాడు. దించలేదు. హరిప్రసాద్ కారులో నన్ను చూస్తారని భయం. ముందద్దం మీద ఎండ మెరుపు, పక్కన నల్లద్దాలు; వాటి వెనక తల వంచుకుని, జీవితంలో మొదటిసారి హారన్ కొట్టకుండా బండి కదిలించాను. ఆ బండి చప్పుడు కూడా చేయలేదు.

కస్తూరమ్మ అగస్టిన్ భుజం పట్టుకుని ఎండలో మైలు నడిచింది. చేరేసరికి ఆమె మిషన్ ఇంకొకరికి ఇచ్చేశారు. బుధవారం పొద్దున్న పెట్టారు. మంగళవారం రాత్రంతా ఆయాసపడిందట. ఇప్పుడు తేరుకుంది, కంగారుపడకు. ఆ రెండు రోజులే నేను మాత్ర మర్చిపోయింది.

నిన్న అగస్టిన్ మనింటికి వచ్చాడు. ఆదివారం మీటింగులో చదవడానికి జరిగిందంతా రాసిపెట్టమన్నాడు. "మనోళ్లే సేసినారని ఒగ్గీకు అన్నా, గట్టిగా రాయి" అన్నాడు. రాశాను. నా రాత నీకు తెలుసు, మోహిత్‌ను ఉతికేశాను. చదివితే అంతా విని అగస్టిన్, "పక్కనే పెద్ద కారొకటుందన్నా. అందులోవోడు సూసి కూడా అద్దం దించనేదు. అదీ రాయి" అన్నాడు.

"ఎవరతను?" అని అడిగాను. నేనే అడిగాను చిలకమ్మా, ఈ నోటితోనే.

"తెల్దు. నల్లద్దాలు కదా. నువ్వు నలుగుర్లో తిరిగేవోడివి, కనుక్కుని పేరెట్టు."

అతను చూస్తుండగానే ఆ వాక్యం రాసి, పేరు దగ్గర ఖాళీ వదిలాను. టీ ఇచ్చాను. తాగి, "నీలాంటోడు ఒకడున్నాడని మా ధైర్యం" అని వెళ్లిపోయాడు.

రాత్రి నుంచి ఆ కాగితం బల్ల మీదే ఉంది. మోహిత్ మీద అంత కోపంగా ఎందుకు రాశానో ఇప్పుడు చదువుతుంటే తెలుస్తోంది. నువ్వు ఇక్కడుంటే పేరు రాయమనే అంటావు, కాస్త నవ్వి. ఆ తర్వాత యూనియన్లో నా మాట ఎవరు వింటారో నాకు తెలియదు. అయినా నీ జవాబు కోసం ఆగితే ఆదివారం దాటిపోతుంది. దాటిపోవాలనే నేను ఆగుతానని కూడా నీకు తెలుసు.

అందుకే ఈ ఉత్తరం మడిచేముందు ఆ ఖాళీలో నా పేరు రాశాను, ఇంటిపేరుతో సహా. పోస్టు డబ్బా దారిలోనే అగస్టిన్ ఇల్లు. ముందు అతనికే చదివి వినిపిస్తాను, తర్వాతే ఇది డబ్బాలో వేస్తాను. ఉత్తరం నీకు అందిందంటే చదివానని అర్థం.

ఇట్లు,
హరిప్రసాద్‌కి బావ, నీకు పెనిమిటి,
పోలరాజు