మెహ్విష్ పేరు మీద

అనంత కరుణామయుడైన అల్లాహ్ పేరుతో మొదలుపెడుతున్నాను.

గుంటూరు జిల్లా తెనాలిలో పుట్టి, ప్రస్తుతం సిడ్నీ నగరం వెస్ట్‌మీడ్‌లో అద్దె ఫ్లాటులో కాపురముంటున్న మహమ్మద్ ఖలీద్ అనే నేను, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా స్వదస్తూరితో రాసుకున్న వీలునామా ఇది. వచ్చే వారం నా గుండెకు ఆపరేషన్. నా బుద్ధి స్థిరంగా ఉందని డాక్టరుగారు చెప్పారు. మనసు సంగతి ఆమె అడగలేదు. చట్టానికి అది అక్కర్లేదట. నాకిద్దరు పిల్లలు. ఒకరికే రాయాల్సి వస్తున్నది.

1. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నా మిత్రుడు కేశవరావుకు అప్పగిస్తున్నాను. 1998లో మేమిద్దరం ఒకే విమానంలో ఈ దేశంలో దిగాం. ఒక బ్యాంకువారి పాత ప్రోగ్రాములలో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చెయ్యడం మా పని. రెండువేల సంవత్సరం వచ్చింది, ఏ యంత్రమూ ఆగలేదు. మార్చి కల్లా మా ఇద్దరికీ ఉద్యోగాలు లేవు. "జరగని ప్రమాదానికి దండలెవరు వేస్తారు ఖలీద్ భాయ్!" అని కేశవరావు నవ్వాడు. ఆ రోజు నేనూ నవ్వాను. నా రేడియో, చదరంగం బల్ల అతనికి చెందాలి. అతనికి ఆట రాదు, అయినా ఆడతాడు.

2. నా స్థిరచరాస్తులలో మూడింట రెండు వంతులు షరియత్ ప్రకారం నా భార్య ఆరిఫాకు, కుమారుడు అమాన్‌కు చెందవలెను. మిగిలిన మూడో వంతు ఎవరికన్నది నాలుగో అంశంలో రాశాను. దాని గురించి అమాన్ నాతో వాదించలేదు. వాదిస్తే బాగుండేదనిపించింది. వాడు ఈ మధ్య దేనికీ వాదించడం లేదు.

3. తెల్ల కరోలా కారు అమాన్‌కు. అది నా కుమార్తె మెహ్విష్ తన మొదటి జీతాలతో కొన్నది. యాభై మూడేళ్ల వయసులో నాకు డ్రైవింగ్ నేర్పింది ఆ పిల్లే. ఆదివారాలు ఆసుపత్రి కారు పార్కులో తిప్పించేది. "అబ్బా, అద్దం చూశారు సరే, మెడ తిప్పి చూడండి! హెడ్ చెక్, హెడ్ చెక్!" అని అరిచేది. పరీక్షలో రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ ఐస్‌క్రీమ్ కొనిపెట్టింది, నాకు షుగరున్నా. కారులో ముందు అద్దం కింద అంటించిన, కొత్తగా నేర్చుకునేవాళ్లు పెట్టుకునే పసుపు ఎల్-ప్లేటును అమాన్ పీకెయ్యకూడదు. ఇది షరతు కాదు, మనవి.

4. నా ఆస్తిలో మూడో వంతు బాలి దీవిలో, కింద రాసిన ఆసుపత్రికి చెందవలెను. కారణం రాస్తున్నాను. అమాన్‌కు పుట్టబోయే పిల్లలు రేపు అడుగుతారు.

మెహ్విష్ ఇక్కడి ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది. తనతో పనిచేసే అమ్మాయి పుట్టినరోజుకని నలుగురు స్నేహితురాళ్లు కలిసి కిందటేడు అక్టోబరులో బాలి వెళ్లారు. వెళ్లేముందు వాళ్లమ్మకు ఫ్రిజ్‌లో ఏవేం ఉన్నాయో తనే చెప్పింది, ఇల్లు తనే నడుపుతున్నట్టు. పన్నెండో తారీకున వాళ్లున్న క్లబ్బు మీద బాంబులు పేల్చారు. పేల్చినవాళ్లు మా దేవుడి పేరు చెప్పుకున్నారు.

మేం ముగ్గురం వెళ్లాం. ఆసుపత్రి వరండాలో నేల మీద వరసలు. శవాలను ఉంచడానికి చల్లటి గదులు చాలలేదు. ఆ ఊరివాళ్లు బళ్ల మీద ఐసు దిమ్మెలు తెచ్చి పోస్తున్నారు. ఒకామె తన భర్త కోసం వెతుకుతున్నది. అతను టూరిస్టులను తిప్పే డ్రైవరట, తాళాలు చూపించి చెప్పింది. ఆరిఫా కూలబడిపోతే ఆమే వచ్చి, చిన్న ఐసు ముక్క తన కండువాలో చుట్టి ఆరిఫా మొహం తుడిచింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరూ చాలాసేపు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు. మెహ్విష్‌ను మేం గాజులను బట్టి పోల్చుకున్నాం. ఆమెకు భర్త దొరికాడో లేదో నాకు తెలియదు.

5. తెనాలిలో ఉన్న నా చెల్లెలు షెహజాదికి మా అమ్మ తమలపాకులు పెట్టుకున్న ఇత్తడి పాన్‌దాన్ ఇవ్వవలెను. కబురు తెలిసిన రోజు ఫోనులో ఆమె అడిగిన మొదటి మాట, "మన పిల్ల అసలు అట్లాంటి చోటికెందుకు పోయింది అన్నా?" ఈ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను. పాన్‌దాన్ మాత్రం తనకే న్యాయం. చిన్నప్పుడు దాని కోసం ఏడ్చేది.

6. ఈ అంశం ద్వారా ఎవరికీ ఏమీ సంక్రమించదు. అయినా రాస్తున్నాను.

బాలిలో పోయినవాళ్ల మొదటి సంవత్సరీకం మొన్న ప్రభుత్వంవారు ఇక్కడి సముద్రపు ఒడ్డున పార్కులో చేశారు. మమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెడతామని ఫోను వచ్చింది. "అబ్బా, దే ఆర్ యూజింగ్ అస్. నేను రాను," అన్నాడు అమాన్. ఒక్కడే రూక్‌వుడ్‌లో అక్క సమాధి దగ్గరికి వెళ్లాడు. మేమిద్దరం పార్కుకు వెళ్లాం. ఏర్పాట్లు చూసే అమ్మాయి ఆరిఫా చెయ్యి పట్టుకుని, మీకు అభ్యంతరం లేకపోతే ఇది తలకు కట్టుకుంటారా అని ఒక తెల్ల స్కార్ఫు ఇచ్చింది. ఆరిఫా జన్మలో చీర కొంగు తప్ప ఇంకొకటి తల మీద వేసుకోలేదు. నా వైపు చూసింది. కట్టుకుంది.

ఒక మంత్రిగారు మాట్లాడారు. మా పిల్ల పేరు చెప్పి, మరు వాక్యంలో యుద్ధానికి పంపిన సైన్యం గురించి చెప్పారు. మెహ్విష్ అన్నది "మెవిష్" అయింది. పేర్లన్నీ చదివారు, ఇక్కడి నుంచి వెళ్లిన వాళ్లవి మాత్రమే. ఆ ఊరి డ్రైవర్లు, వంటవాళ్లు, తలుపు తీసేవాళ్ల పేర్లు ఎవరి దగ్గరా లేవు. బాకా ఊదారు. అందరూ ఏడ్చారు, అది దొంగ ఏడుపని నేననను. నా పక్కన ఒక తండ్రి వణికిపోతుంటే ఆయన భుజం పట్టుకున్నాను. కానీ ఏడుపు పూర్తి కాకముందే మంత్రిగారి చెయ్యి నా భుజం మీదికి వచ్చింది, కెమెరాలు వచ్చాయి.

మర్నాడు ఆ ఫొటో పేపరులో పడింది. మా వీధి చివర ఒకాయన ఉన్నాడు. బాంబులు పేలిన నెలలోనే, మా కూతురు పోయిందని తెలియక, బస్టాపులో ఆరిఫాను మీ దేశం పొమ్మన్నాడు. ఆయన ఈసారి నన్ను ఆపి, "పేపర్లో చూశాను. గుడ్ ఆన్ యా, మేట్," అని మెచ్చుకున్నాడు. సారీ అంటాడేమో అని నిలబడ్డాను. అనలేదు. నేను థాంక్యూ అన్నాను.

7. నా కుమార్తె పేరును ఇకమీదట ఏ ప్రసంగంలోనూ చదవరాదనీ, కొత్తగా కట్టబోయే స్మారక శిలపై చెక్కరాదనీ రాయాలనుకున్నాను. నాకు సలహా చెప్పే లాయరు మన గుంటూరు పిల్లాడే. "అంకుల్, పేరు మీ ప్రాపర్టీ కాదు. విల్లులో రాసినా చెల్లదు. రిక్వెస్టు పెట్టుకోవచ్చు, అంతే," అన్నాడు. ఇంట్లో పళ్లాలకూ పీటలకూ హక్కుదారుణ్ణి నేను. అజాన్ చెప్పి చెవిలో నేను పెట్టిన పేరుకు కాదు.

రిక్వెస్టయినా పెడదామంటే ఆరిఫా ఒప్పుకోలేదు. "ఉండనివ్వండి. రాయి మీదన్నా ఉండనివ్వండి. ఇంకెక్కడుంది పిల్ల?" అంది. కనుక ఈ విషయంలో సర్వాధికారం ఆరిఫాకే వదిలేస్తున్నాను. అక్షరాలు సరిగా చెక్కేలా అమాన్ చూడవలెను.

8. సాక్షి సంతకం చేసేవారికి వీలునామాలో ఏమీ ఇవ్వకూడదట. అందువల్ల పై ఫ్లాటులో ఉంటూ, ఏడాదిగా డ్యూటీ దిగగానే మా ఇంటికొచ్చి ఆరిఫా చేత అన్నం తినిపించే నర్సు కుసుమకు నేనేమీ రాయలేకపోతున్నాను. రెండో సాక్షి ఎలియాజర్ గారికీ అంతే. మెహ్విష్ అంతిమయాత్రకు, జనాజాకు, తన చర్చి వ్యాను తెచ్చిన మనిషి.

9. నేను పోతే నన్ను మెహ్విష్ పక్కన పూడ్చవలెను. సభ పెట్టవద్దు. బతికితే, వచ్చే అక్టోబరులో మళ్లీ ఫోను వస్తుంది. పేరు చదివేటప్పుడు ఎవరైనా లేచి నిలబడాలి కదా అంటుంది ఆరిఫా. వెళతాను. ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాను.

వెస్ట్‌మీడ్, 2003 అక్టోబరు 29, బుధవారం.

(సంతకం) మహమ్మద్ ఖలీద్

పై సంతకం మా ఇద్దరి ఎదుట, ఒకే గదిలో, తన చేత్తో చేశారు. మధ్యలో రెండుసార్లు ఆగారు.

సాక్షులు:
(సంతకం) బి. కుసుమ
(సంతకం) పి. ఎలియాజర్