మూడున్నర చుట్లు

ప్రియమైన నాన్నకి,

ఫోన్లో నీ మాట నాకు అర్థంకాక, నా ఏడుపు నీకు అర్థమై, ఇద్దరం పెట్టేసిన దగ్గర్నించీ ఉత్తరాలే మేలనిపిస్తోంది. పక్షవాతం నీ కుడిచేతిని, మాటని పట్టుకుంది గాని ఎడంచెయ్యి ఉందిగా. నర్సమ్మని కాగితాలడిగి రాయి, ఆస్పత్రి మీదుగా పోయే బస్సులో పంపితే మర్నాటికి అందుతుంది.

నీ పనిలో దిగాను. ఆటస్థలం ఎంత పెద్దదో గడ్డి కోసే బండెక్కాకే తెలిసింది. స్టీరింగ్ లేని బండిని కనిపెట్టిన మహానుభావులకి ఓ దండం. చేతికో లివర్, లివర్‌కో వెనక చక్రం. రెండూ చివరిదాకా ముందుకి తోస్తే తిన్నగా పోవాలి కదా? పోదు. ఎడమకి లాగేస్తుంది. నేను కోసిన చారలు చూసి సూపర్‌వైజర్, "ఏమ్మా, డిగ్రీలో గీత గియ్యడం నేర్పలేదా?" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి అసలు సంగతి చెప్పాడు. ఇరవయ్యో తారీఖున పోటీలు. ఆలోపు చారలు తిన్నగా వస్తే నువ్వు తిరిగొచ్చేదాకా నీ ఉద్యోగం నీ పేరునే ఉంచుతాడు. రాకపోతే కాంట్రాక్టరుకి ఇచ్చేస్తాడు.

ఏం చెయ్యాలో చెప్పు.

నీ తొందరమ్మ


తొందరమ్మకి,

అక్షరాలు చూసి నవ్వకు. ఎడంచెయ్యి.

చక్రాల్లో గాలి చూడు. ఎడమది మెత్తబడితే ఎడమకే లాగుతుంది. కత్తుల గూట్లో తడిగడ్డి పేరుకుంటుంది, గోకెయ్. ప్లగ్ వైరు పీకాకే చెయ్యి లోపల పెట్టు. అది మరిచావో, నేను ఊరుకోను. బెల్టు సాగిందేమో చూడు.

లివర్ల మొదట్లో ఉన్న బోల్టుల జోలికి మాత్రం పోకు.

నెలలో వచ్చేస్తాను.

నాన్న


నాన్నా,

గాలి రెండు చక్రాల్లోనూ పన్నెండు పాయింట్లే. గూట్లోంచి రెండు తట్టల గడ్డి తీశాను. వైరు పీకాను, పీకానో లేదో మళ్ళీ చూసుకున్నాను. బెల్టు బాగానే ఉంది. బండి మాత్రం ఎడమకే.

ఒకటి కనిపెట్టాను. కుడిచేతికి సత్తువ లేనట్టు, కుడి లివర్ని సగంలోనే ఆపి తోలితే తిన్నగా పోతోంది. కానీ ఎంతసేపని అలా ఆపను? గంటకల్లా భుజం చచ్చుబడుతోంది, చార వంకరపోతోంది. నిన్న మధ్యలో బండాపి సీటు మీదే కూర్చుండిపోయాను. దిగి ఎటు పోవాలో కూడా తోచలేదు. ఇంక ఆరు రోజులే ఉన్నాయి. పదకొండేళ్ళు దీన్ని నువ్వెలా తోలావు?

ఏమీ చేతకాని నీ కూతురు


అమ్మలూ,

అలాగే తోలు. కుడిది వదులుగా పట్టు. మెకానిక్‌ని పిలవకు. నేనొచ్చి చూస్తాను.

నాన్న


నాన్నకి,

పిలిచాను. నీ స్నేహితుడే, గ్రీజు బాబాయి. కాసేపు కింద పడుకుని చూసి లేచాడు.

"బండికి జబ్బేం లేదమ్మాయ్. ఎడమ లివర్ పూర్తిగా ముందుకి పోకుండా దాని బోల్టు బిగించారు. ఒక్కనాటి పని కాదిది, రెంచి గీతలు పాతవీ ఉన్నాయి, కొత్తవీ ఉన్నాయి. ఎవరికో కుడిచెయ్యి సాగట్లేదు. ఎడమదాన్నీ దానికి సమానంగా ఆపుకుంటూ వచ్చారు."

అని చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

నువ్వు బొత్తాల చొక్కాలు మానేసి టీషర్టుల్లోకి దిగినప్పుడు "కుర్రాడివైపోతున్నావే" అని ఏడిపించాను. టీ కప్పు ఎడంచేతిలోకి మారడం చూశాను. చూసి ఊరుకున్నాను. అన్నీ గమనిస్తానని ఊరంతా చెప్పుకు తిరిగేదాన్ని.

ఆ బోల్టు విప్పితే బండి నాకు తిన్నగా పోతుంది, నీ ఉద్యోగం నిలుస్తుంది. కానీ నువ్వు వచ్చి కూర్చుంటే నీకు పోదు. ఏ చేతికని సరిచెయ్యను? రెంచి పట్టుకుని రెండు రోజులుగా దాని చుట్టూ తిరుగుతున్నాను. చెప్పు నాన్నా.

నీ తొందరమ్మ


బంగారుతల్లీ,

చెయ్యి లాగిన మొదటి ఏడాది అర చుట్టు బిగించాను. పనెక్కువై నరం పట్టేసింది, పోతుందిలే అనుకున్నా. మరుసటి ఏడాది ఇంకో చుట్టు. పోయిన వేసవికి మూడున్నర. చారలు తిన్నగా వస్తున్నాయి కదా, చేతికేమీ కాలేదని నమ్మాను. డాక్టరు దగ్గరికి పోవాల్సిన ప్రతిసారీ రెంచి తీశాను.

నెలలో వస్తానన్నది అబద్ధం. ఇంటికొస్తాను గాని, ఆ సీటు మీదికి రాను. చెయ్యి ఇంతేనని డాక్టరు మొదటి వారమే చెప్పాడు. నీకెలా చెప్పాలో తెలియక గాలి చూడమన్నాను, బెల్టు చూడమన్నాను.

విప్పెయ్. పదమూడో నంబరు రెంచి. మొదట కదలదు, కొంచెం నూనె వేసి ఆగు. ఎన్ని చుట్లు విప్పావో లెక్కపెట్టుకోకు. మళ్ళీ బిగించే పని ఉండదు.

నాన్న


నాన్నా,

ఈ పూట మైదానం మొత్తం కోశాను. సూపర్‌వైజర్ గోల్ పోస్టు దగ్గర నిలబడి ఒక కన్ను మూసి చూసి, "అచ్చం మీ నాన్న కోసినట్టే ఉంది" అన్నాడు. తలూపాను.

మూడున్నర చుట్లు. లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను.

నీ తొందరమ్మ