అక్క పేరుతో నాలుగు రోజులు

ఏప్రిల్ 8

అక్షరాలు బాగోలేవు, మన్నించాలి. ఏడో తరగతితో ఆగిపోయిన చెయ్యి. ఒత్తులు ఎక్కడివక్కడ పడవు, గీత మీద రాయలేను. ఎవరిని మన్నించమంటున్నానో నాకే తెలియదు. ఇది పురుగుమందుల షాపువాళ్ళు మావయ్యకి ఇచ్చిన డైరీ. ఆయన కిటికీలో పడేశారు, నేను తీసుకున్నాను.

అక్కకి కడుపునొప్పి. కుడి పక్క, పక్కటెముకల కింద. అక్కడి నుంచి వీపులోకి పోటు. చింతలపూడి నుంచి ఫోనులో చెబుతుంటే నా చెయ్యి నా కడుపు మీదికే వెళ్ళింది.

ఆ నొప్పి నాకు తెలుసు. ఏడాదిన్నర కిందట నాకు వచ్చిందే.

ఏప్రిల్ 10

పొద్దున్నుంచి మామిడితోటలో కాయలకి కవర్లు తొడగడం. కూలీ ఆడవాళ్ళతో పాటు నేనూ. మాట్లాడక్కర్లేని పని, అందుకే ఇష్టం. ఈరోజు మాత్రం చేతులు ఆడలేదు. "మన భవాని కొత్తగా నేర్చుకుంటందే" అని నవ్వారు.

ఏప్రిల్ 11

స్కానింగ్ తీశారట. పిత్తాశయంలో రాళ్ళు. అక్క నవ్వుతూనే చెప్పింది. "అమ్మ మనిద్దరికీ నగలు పెట్టలేదు గానీ రాళ్ళు మాత్రం సమానంగా పంచిందే చిన్నీ."

ఆపరేషన్ చేయాలన్నారు. "ఆరోగ్య కార్డు ఉందిగా, పైసా కట్టక్కర్లేదు, భయమేంటి" అన్నాడట బావ.

ఫోను పెట్టేశాక అక్కడే కూర్చుండిపోయాను. కార్డు ఉంది. కానీ ఆ కార్డులో...

రేపు రాస్తాను.

ఏప్రిల్ 12

రాయాలి.

పెళ్ళవగానే నాన్న కార్డులోంచి నా పేరు తీయించారు. అక్కడ తీస్తేనే ఇక్కడ ఎక్కుతుందన్నారు. ఇక్కడ ఎక్కించడం మా ఆయన పని. "కోతలవనీ" అన్నారు. అయ్యాయి. "వానలు తగ్గనీ" అన్నారు. తగ్గాయి. నేను రెండోసారి అడగలేదు. పుట్టింటివాళ్ళు నేర్పి పంపారనుకుంటారని భయం. అలా ఏడాది పైన నేను ఏ కార్డులోనూ లేను. అటు తీసేశారు, ఇటు ఎక్కలేదు.

నొప్పి అప్పుడే వచ్చింది.

అక్కే అంది. "నా కార్డుందిగా. నా పేరుతో పడుకో." మా ఆయన కాదనలేదు. బావకి చెప్పొద్దనుకున్నాం. తన ఆటోలో ఎవరైనా గొడుగు మర్చిపోతే ఊరంతా తిరిగి ఇచ్చొచ్చే మనిషి, ఒప్పుకోడు. అత్తయ్యా మావయ్యా అయితే ఈ ఇంటి కార్డు మీదే అయిందనుకున్నారు. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు.

ఆసుపత్రి డెస్క్ దగ్గర వేలు పెట్టింది అక్క. ఫొటో దిగింది అక్క. తర్వాత బాత్రూంలో చీరలు మార్చుకున్నాం. బయటికొచ్చి మంచం ఎక్కింది నేను. చేతికి కట్టిన పట్టీ మీద సుజాత అని ఉంది. మా ఇద్దరివీ ఒకటే ముఖాలంటారు అందరూ. చిన్నప్పుడు అది విని మురిసిపోయేదాన్ని.

నాలుగు రోజులు నేను సుజాతని. నర్సు "సుజాతగారూ" అంటే పక్కన స్టూలు మీదున్న అక్క లేచి నిలబడేది. నేను పలికేదాన్ని కాదు.

"మీ చెల్లికి చెవుడాండీ?" అని అక్కనే అడిగింది నర్సు.

"చిన్నప్పటి నుంచీ అంతేనండీ" అంది అక్క.

అప్పటి నుంచి ఆ నర్సు నా చెవి దగ్గరికొచ్చి అరిచేది. ఇద్దరం దుప్పటి అడ్డం పెట్టుకుని నవ్వాం. కుట్లు లాగేలా నవ్వాం.

అప్పుడు తప్పనిపించలేదు. ఇప్పుడు అదే గుచ్చుకుంటోంది.

ఏప్రిల్ 15

అక్కని బావ ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. సాయంత్రం ఫోను చేశాడు. వంటింట్లో చేతులు తడిగా ఉండి స్పీకర్ పెట్టాను. అత్తయ్య కూడా విన్నారు.

"విన్నావా మరదలా! మీ అక్కకి పిత్తాశయం ఎప్పుడో తీసేశారంట. కంప్యూటర్లో ఉందంట. మరి స్కానింగులో కనపడేదేంటండీ, కోస్తే మళ్ళీ కాసిందా, ఇదేమన్నా మామిడిచెట్టా అనడిగా."

డెస్క్ దగ్గర అమ్మాయి నెమ్మదిగానే చెప్పిందట. "ఈ కార్డు మీద ఈ ఆపరేషన్ అయిపోయిందండీ. మనిషికి ఉండేది ఒక్కటే కదండీ. రెండోసారి ఒప్పుకోరు."

"నా పెళ్ళానికి నాకు తెలీకుండా కడుపు కోసిందెవడు?" అని బావ అందరి ముందూ అరిచాడట. అక్క గోడ వైపు చూస్తూ కూర్చుందట. మచ్చ కూడా లేదు చూసుకోండని చెప్పవే అని బావ అన్నా ఇటు తిరగలేదట.

సోమవారం కలెక్టర్ గారి దగ్గర అర్జీ పెడతానన్నాడు.

"ఎంత అన్యాయం! ఏ దొంగముండ వాడుకుందో ఆ పిల్ల కార్డుని" అన్నారు అత్తయ్య.

బియ్యం కడుగుతున్నాను. కడిగినవే మళ్ళీ కడిగాను.

ఏప్రిల్ 16

"ఏవండీ, అక్క సంగతి..."

"నోరెత్తకు. ఇద్దరి మీదా కేసవుద్ది. ఉన్న కార్డులు కూడా పోతాయి. కోతలవనీ, నేనే ఏదో ఒకటి చూస్తా."

కోతలవనీ.

ఏప్రిల్ 18

కాయ చూడడానికి సావుకారుగారు వచ్చారు. షెడ్డులో మావయ్యతో మాటలు. నేను మజ్జిగ తెచ్చాను.

"ఇక ఈ కార్డుల వైద్యమంతా ఇన్సూరెన్సు కంపెనీలకి అప్పగిస్తారంటండీ" అంటున్నారు సావుకారుగారు. "ఉన్నోడికీ లేనోడికీ అందరికీ అంట."

"కంపెనీవాడు మన మీద ప్రేమతో వస్తాడేంటండీ? కాయకి మచ్చుందని మీరు తరుగు తియ్యరూ? వాడూ అంతే. నీకిది ముందే ఉంది, అది ముందే ఉంది అని తరుగు తీస్తాడు."

"భలేవారే, మధ్యలో నన్ను లాగుతారేంటి! ఇప్పుడున్నది మాత్రం సక్రమంగా ఉందా? బిల్లులు రాలేదని ఆసుపత్రులోళ్ళు చెయ్యమని కూర్చుంటున్నారు."

"ఎందుకొస్తాయండీ? ఒకళ్ళ పేరు మీద ఇంకొకళ్ళు చేయించుకుంటుంటే? దొంగ కార్డులు, దొంగ పేర్లు. అలాంటోళ్ళని చెట్టుకి కట్టెయ్యాలి."

గ్లాసు అందిస్తున్నాను. మా ఆయన తన చెప్పులు చూసుకుంటున్నారు.

"మా అమ్మాయి మజ్జిగండీ, తాగి చూడండి" అన్నారు మావయ్య. నన్ను కోడలని ఎప్పుడూ అనరు. అమ్మాయి అంటారు.

ఏప్రిల్ 19, ఆదివారం

అర్జీ ఆపాలంటే వేరే దారి లేక అక్క బావకి చెప్పేసింది.

"ఏమన్నాడే?"

"ఏమీ అనలేదు. పొద్దున్నుంచి ఆటో కడుగుతున్నాడు."

ఏప్రిల్ 21

బావ వచ్చాడు. పచ్చడికాయల కోసమని అత్తయ్యతో చెప్పాడు. తోటలో మోటారు దగ్గర నేను ఒక్కదాన్నే ఉన్నాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"నాకో మాట చెప్పుంటే ఆటో అమ్మైనా చేయించేవాణ్ణి కదమ్మా."

మరదలా అనలేదు. అమ్మా అన్నాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆ నోట ఆ పిలుపు వినలేదు.

అక్క కళ్ళు పచ్చబడ్డాయట. రాయి జారి ఉంటుంది, ఆలస్యం చేయొద్దన్నారట డాక్టరు. డబ్బు కట్టి చేయించడానికి ఆటో బేరం పెట్టాడట.

"మరి మీకు బతుకుదెరువు...?"

"చూద్దాంలేమ్మా."

సంచీలో కాయలు వేసిచ్చాను. తీసుకున్నాడు. అత్తయ్య ముందు మామూలుగా నవ్వాడు కూడా.

ఏప్రిల్ 22

గాలివాన. కవర్లతో సహా రాలిపోయాయి కాయలు. మావయ్య తోటలో ఊరికే నడుస్తున్నారు. ఎవరూ అన్నం సరిగ్గా తినలేదు. నేను తిన్నాను. ఆకలేసింది. దానికీ సిగ్గేసింది.

ఒకటి రాయకుండా దాటేశాను. నా పేరు ఈ ఇంటి కార్డులో ఎక్కింది, ఆపరేషనయిన రెండు నెలలకే. అప్పటి డాక్టరు "మందులు వాడుతూ కొన్నాళ్ళు ఆగొచ్చమ్మా" అన్నాడు. ఆగొచ్చన్నాడు. నేనే ఆగలేనని ఏడ్చాను. అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చాను. నేను అలా ఏడవకపోతే అక్క ఆ మాట అనేదే కాదు.

ఏప్రిల్ 23

మిగిలిన కాయ కోత మొదలైంది. చిక్కం కర్రతో మా ఆయన కోసి దించుతుంటే నేను అందుకుని ట్రేలలో పేరుస్తున్నాను. అప్పుడు తట్టింది.

కంప్యూటర్ ప్రకారం అక్కకి పిత్తాశయం లేదు, నాకు ఉంది. నా కార్డు మీద ఇంతవరకు ఎవరూ ఏమీ చేయించుకోలేదు. నేను వెళ్ళి వేలు పెడితే, నేను ఫొటో దిగితే, మంచం అక్క ఎక్కితే...

చేతిలో కాయ జారిపోయింది. సొన చిమ్మి మణికట్టు మీద పడింది. మంట. కడుక్కోలేదు.

ఏప్రిల్ 24

అక్కకి చెప్పాను. ముందు నవ్వింది. నవ్వితే నొప్పొచ్చి ఆగింది.

"ఈసారి చెవిటిదాని వేషం నాదన్నమాట."

"అవునే."

తర్వాత అంది. "నాకేదన్నా అయితే చచ్చింది నువ్వని రాస్తారే చిన్నీ. నా పిల్లకి వాళ్ళమ్మ పోయిందన్న కాగితం కూడా ఉండదు."

"అక్కా, ఆపు."

"బావ చచ్చినా ఒప్పుకోడు."

"నువ్వు?"

"నొప్పొచ్చినప్పుడు ఒప్పుకుంటా. తగ్గాక ఒప్పుకోను."

మా ఆయనకీ చెప్పాను. "నీకింత తెలివుందనుకోలేదే" అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నన్ను మెచ్చుకున్నది ఇదే మొదలు. నాకు సంతోషం వేసింది. ఒక్క నిమిషమే, కానీ వేసింది. రాయకపోతే అబద్ధమవుతుంది.

ఏప్రిల్ 25

స్నానం చేస్తుంటే మచ్చలు తగిలాయి. నాలుగు. బొడ్డు దగ్గర ఒకటి, పైన మూడు. వేరుశనగ గింజంతవి. అక్క కడుపు మీద ఉండాల్సినవి నా కడుపు మీద.

ఏప్రిల్ 26, ఆదివారం

మధ్యాహ్నం బావ ఫోను చేశాడు. అక్కకి జ్వరం, చలి. రేపు పొద్దున్నే ఏలూరులో చేరుస్తాడు. ఆటో కొనేవాడు బుధవారం వచ్చి పట్టుకెళ్తాడట. నన్ను రమ్మనలేదు. వద్దనీ అనలేదు.

అక్కకి తోడుంటానని అత్తయ్యనడిగాను. మామూలుగా అయితే నోరు పెగలదు, ఈసారి ఒక్కసారే అడిగేశాను. "వెళ్ళమ్మా, వెళ్ళకపోతే ఎలా" అన్నారు. బత్తాయిలు పెట్టారు, పాత దుప్పటి పెట్టారు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చారు.

"నీ కార్డు పెట్టుకున్నావా? ఆసుపత్రికి వెళ్తున్నావు, ఎందుకైనా మంచిది."

పెట్టుకున్నానండీ అన్నాను.

అందరూ తోటలో ఉన్నారు. ఇప్పుడే ఈ డైరీలోంచి ఒక కాగితం చింపాను. నాలుగుసార్లు రాసి కొట్టేశాక కుదిరింది. "సుజాత పేరుతో ఆపరేషన్ చేయించుకున్నది ఆమె చెల్లెలు భవాని. సుజాతకి చేయలేదు. నా ఒంటి మీద మచ్చలున్నాయి, చూసుకోండి. నామీద ఏం రాసుకున్నా సరే, ఆమెకి మాత్రం ఆపరేషన్ ఆపకండి." కింద నా పేరు. నా పేరే, పూర్తిగా.

కాగితం ఇస్తే కేసు. మావయ్య ముఖం. మా ఆయన ముఖం. ఇచ్చినా అక్కకి వెంటనే చేస్తారన్న నమ్మకం లేదు. విచారణ అంటారు, వారాలు పట్టొచ్చు, అంతవరకు ఆ జ్వరం ఆగుతుందా... కార్డు ఇచ్చి వేలు పెడితే రేపే చేస్తారు. బావకి ఆటో మిగులుతుంది. అక్క నా పేరుతో మత్తులోకి వెళ్తుంది. తిరిగి తన పేరుతో లేస్తుందో లేదో ఎవరు చెప్పాలి.

సంచీలో ఒక అరలో కార్డు పెట్టాను. ఇంకో అరలో కాగితం. డెస్క్ దగ్గర ఆ అమ్మాయి "ఏంటమ్మా, చెప్పండి" అంటుంది. నాకు మాట రాదు, ఎప్పుడూ రాదు. చెయ్యి మాత్రం సంచీలోకి వెళ్తుంది. ఏ అరలోకి వెళ్తుందో తెలియదు.

ఈ పుస్తకం ఎవరికి దొరికినా చదవొద్దు. ఇంతదాకా చదివేసి ఉంటే పేర్లు మర్చిపోయి, నీళ్ళ కాగు కింద పెట్టేయండి. అట్ట మందంగా ఉంది, మంట అందుకోకపోతే ఎండు మామిడాకులు వేయండి. మధ్యలో ఒక కాగితం తక్కువుందని వెతకొద్దు. అది కాలకూడదు. అది నాతో ఉంది.

బస్సు ఆరింటికి.